ముందస్తు చేయి

ఉక్కునగరం క్వార్టర్లలో అచ్యుతరామయ్య గారి స్కూటరు వెనక ఎక్కే ధైర్యం ఆయన భార్య వెంకటరమణమ్మ గారికి తప్ప ఇంకెవరికీ ఉండేది కాదు. వేగానికి భయపడి కాదు, ఆయన ఆగే పద్ధతికి. కూడలి ఇంకా రెండు దీపస్తంభాల అవతల ఉండగానే ఆయన చేయి బ్రేకు మీద పడేది. బండి నెమ్మదించి, నెమ్మదించి, కూడలికి చాలా ఇవతలే ఆగిపోయేది. మిగతా దూరం ఆయన కాళ్ళతో నెట్టుకుంటూ వెళ్ళేవారు. వెనక కూర్చున్నావిడ కూరగాయల సంచీ ఒళ్ళో సర్దుకుని, "దిగి నడవమంటారా, ఇక్కడే కాపురం పెట్టేద్దామా?" అని అడిగేవారు.

అన్నిటికీ అంతే ఆయన. రైలు ఎక్కాల్సి ఉంటే, తమ బండి సంగతి దేవుడెరుగు, అంతకు ముందు బండిని సాగనంపడానికి వచ్చినవాడిలా దువ్వాడ స్టేషన్లో నిలబడి ఉండేవారు. పొయ్యి మీద పాలకు కాపలా పెడితే పొంగు రాకముందే కట్టేసేవారు. ఆయన కాపలా ఉన్న పాలు సరిగ్గా కాగి ఎరగవు. ఎవరైనా హాస్యం చెబుతుంటే చివరిదాకా ఆగలేక మధ్యలోనే నవ్వేసి, తీరా నవ్వాల్సిన చోట గంభీరంగా కూర్చునేవారు.

ఉద్యోగం ఉక్కు ఫ్యాక్టరీలో, షాపు అని పిలిచే ఉక్కు కరిగించే విభాగంలో క్రేను నడపడం. కప్పుకు దగ్గరగా పట్టాల మీద తిరిగే క్రేను, దానికి అతుక్కున్న చిన్న గదిలో ఆయన. కింద, ఉక్కు తాళ్ళకు, కరిగిన లోహం నిండిన లేడిల్. ఒక గదంత బాన అనుకుంటే చాలు. క్రేను కదిపిన వెంటనే ఆ బాన కదలదు, కాస్త ఆలోచించుకుని కదులుతుంది. క్రేను ఆపిన వెంటనే ఆగదు, ఇంకాస్త ముందుకు పోయి ఊగుతుంది. అలా ఊగకూడదు, ఎందుకంటే దాని చుట్టుపక్కల మనుషులు ఉంటారు. అచ్యుతరామయ్య గారి చేతిలో అది ఊగేది కాదు. ఒళ్ళో నిద్రపోయిన పిల్లను పక్క మీద వాల్చినట్టు దింపేవారు. ఆ పేరు ఆయనకు షాపంతా ఉంది.

రెండువేల ఎనిమిది వానాకాలంలో, ఏటా జరిగే వైద్య పరీక్షల్లో, ఒక కుర్ర డాక్టరు స్కేలు ఒకటి పైకెత్తి పట్టుకుని, "నేను చెప్పకుండా వదిలేస్తాను. మీరు రెండు వేళ్ళతో పట్టుకోండి" అన్నాడు. స్కేలు నేల మీద పడింది. ఇంకోసారి కూడా పడింది. ఆ తర్వాత మాత్రం చివరంటా జారి వేలి కొసల్లో చిక్కుకుంది.

"ఫరవాలేదండీ. వయసు కదా, చేయి కాస్త నెమ్మదించింది. ఫిట్ అనే రాస్తున్నాను" అని డాక్టరు తర్వాతి మనిషిని పిలిచాడు.

డాక్టరు ఆ మాట అక్కడే మర్చిపోయాడు. అచ్యుతరామయ్య గారు ఇంటికి తెచ్చుకున్నారు. పెరట్లో, వరండాలో, ఆఖరికి స్నానాల గదిలో కూడా టపీమని స్కేలు పడే చప్పుడు వినిపించడం మొదలైంది. "ఈ ఇంట్లో బడికెళ్ళే పిల్లలెవరూ లేరు గదా, స్కేలు ఎవరిదండీ?" అని వెంకటరమణమ్మ గారు అడిగితే, "గోడ కొలుస్తున్నాను" అన్నారు.

ఆయన మనసులో కొలుస్తున్నది వేరు. చేయి నిజంగా నెమ్మదించిందంటే తనే క్రేను దిగిపోవాలి. ఎవరో చెప్పేదాకా ఆగకూడదు, ఏదో జరిగేదాకా అసలే ఆగకూడదు. కింద జగ్గయ్య ఉంటాడు. చేత్తో సైగలు చేసి లేడిల్ ఎక్కడ దింపాలో చూపించే ఖలాసీ అతను. దసరాకి ఆయుధ పూజ వస్తోంది. ఆ రోజు క్రేనుకు కొబ్బరికాయ కొట్టేది షాపులో అందరికంటే పెద్ద ఆపరేటరు, అంటే తనే. చేతి మీద నమ్మకం లేకుండా ఆ కాయ కొట్టలేరు. అందుకని అంతకు ముందే సంగతి తేల్చుకోవాలనుకున్నారు. దేనితో తేల్చుకోవాలో తెలియలేదు.

ఆ సమయంలో గేమ్ పెట్టె ఇంట్లోకి వచ్చింది. తెచ్చింది ఆయన బావమరిది మోహనకృష్ణ. పోర్టులో గుమాస్తా. తనకు తెలియని విషయం ఈ లోకంలో ఉందని ఆ మనిషికి తెలియదు. ఒక ఓడలో వంటవాడు ఆ పెట్టెను వదిలించుకుంటుంటే, అక్క పెట్టిన ఆవకాయ జాడీ ఇచ్చి దాన్ని తీసుకున్నాడు. భార్య ఇంట్లోకి రానివ్వకపోతే బావగారింట్లో పెట్టాడు.

"ఆవకాయ నాది. కాబట్టి ఈ పెట్టె కూడా నాదేరా మోహనా" అని వెంకటరమణమ్మ గారు తేల్చేశారు. ఊరికే అనడం కాదు, నేర్చుకున్నారు కూడా. పాత డబ్బా టీవీకి తగిలిస్తే కార్ల పందెం వచ్చేది. సముద్రం పక్కన కొండ రోడ్డు, మలుపు మీద మలుపు. తెర రెండు ముక్కలై, పై సగంలో ఒకరి కారు, కింది సగంలో ఇంకొకరిది. నాలుగు ఆదివారాలు తిరిగేసరికి అక్కాతమ్ముళ్ళు సమఉజ్జీలయ్యారు.

అచ్యుతరామయ్య గారు మొదటి మలుపు దాటింది లేదు. మీటలు పట్టుకుంటే అచ్చం క్రేను మీటల్లాగే ఉన్నాయనుకున్నారు, ఆశపడ్డారు. కారు వెళ్ళి లోపలి వైపు గోడకు గుద్దుకునేది. వెనక్కి తీసి మళ్ళీ నడిపితే మళ్ళీ అదే గోడ.

"బావగారండీ, ఆ గోడ ఏం పాపం చేసిందండీ?" అన్నాడు మోహనకృష్ణ.

"చేయి స్లో అయిపోయిందేమోరా." ఈ మాట ఆయన నవ్వుతూనే అన్నారు. అని, బావమరిది ముఖంలోకి చూశారు.

మోహనకృష్ణకు ఆ చూపు అర్థం కాలేదు. కాని సమాధానం అతని దగ్గర సిద్ధంగా ఉంది. "మీ చెయ్యేం కాదండీ, ఈ టీవీయే. దీన్ని ల్యాగ్ అంటారు. మీరిక్కడ నొక్కుతారు. ఆ సంగతి తెరకు లేటుగా తెలుస్తుంది. పాత డబ్బా గదండీ, లోపల అంత దూరం నడిచి రావాలి. ఇప్పుడు పల్చటి టీవీలొచ్చాయి. గోడకు తగిలించేవి. వాటిలో దూరమేముందండీ, నొక్కీ నొక్కకముందే వచ్చేస్తుంది."

ల్యాగ్ అనే మాట తప్ప ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. కాని ఆ సాయంత్రం అచ్యుతరామయ్య గారికి కావలసింది ఆ మాటే. తప్పు టీవీదైతే చేయి మంచిదే. మంచి టీవీ ఎదుట కూర్చుంటే తేలిపోతుంది.

"టీవీ మారుద్దాం" అన్నారు. వెంకటరమణమ్మ గారు గరిటె పట్టుకుని వంటింట్లోంచి బయటికి వచ్చి ఆయన ఒంటి మీద చేయి వేసి చూశారు, జ్వరమేమోనని.

దసరా ఆఫర్ల రోజుల్లో ద్వారకా నగర్ బజారు ఎలా ఉంటుందో అలాగే, జనంతో కిక్కిరిసి ఉంది. ముగ్గురూ ఒక పెద్ద షోరూములోకి వెళ్ళారు. గేమ్ పెట్టె బియ్యం సంచీలో ఉంది, సంచీ మోహనకృష్ణ భుజాన ఉంది. టీవీలు చూపించే కుర్రవాడి పేరు కన్నబాబు. సంచీ చూసి, "ఏటి సార్ ఇది, పాత టీవీ తెచ్చీసినారేటి ఎక్స్‌చేంజికి?" అన్నాడు.

గోడ నిండా పల్చటి టీవీలు. అన్నిట్లోనూ ఒకే పువ్వు, ఒకేసారి విచ్చుకుంటోంది.

"పిచ్చరు సూడండమ్మా. పువ్వు మీద నీటిసుక్క సూడండి. తాగీయొచ్చు" అన్నాడు కన్నబాబు.

వెంకటరమణమ్మ గారు పువ్వును చూడలేదు. "పసుపు రాసుకున్న పాదాలు ఎందులోనైనా వస్తున్నాయా?" అని అడిగారు. ఇంట్లో ఉన్న టీవీలో పసుపు నారింజగా కనిపిస్తుందని ఆవిడకు పదేళ్ళుగా కోపం. కన్నబాబు ఛానళ్ళు తిప్పి తిప్పి ఒక పెళ్ళి దొరకబుచ్చుకున్నాడు. ఆవిడ తన మెడలో పసుపుతాడు బయటికి లాగి తెర పక్కన పట్టి, ఒక్కో టీవీనీ దాటుకుంటూ వెళ్ళి, ఒకదాని ముందు ఆగారు. "ఇది అబద్ధం చెప్పట్లేదు" అన్నారు.

బొమ్మ సంగతి అలా తేలింది. గేమ్ పెట్టెను దానికే తగిలించారు. అచ్యుతరామయ్య గారు అరచేతులు పంచెకు తుడుచుకుని మీటలు తీసుకున్నారు. కొత్త క్రేను ఎక్కినప్పుడు చేసే పని ఇక్కడా చేశారు. మీటను వెంట్రుకవాసి కదిపి, చూశారు. కారు వెంటనే కదల్లేదు. కాస్త ఆలోచించుకుని కదిలింది.

పందెం మొదలైంది.

మొదటి మలుపు వచ్చింది. మోహనకృష్ణ కారు తిన్నగా పోయి బయటి గోడకు కొట్టుకుంది. అచ్యుతరామయ్య గారి కారు మలుపు తిరిగింది. దాని తర్వాతిదీ తిరిగింది. సముద్రం పక్కనుంచి, సొరంగంలోంచి, ఎక్కడా గీత కూడా పడకుండా, ఎవరో మెత్తటి గుడ్డతో రోడ్డు తుడుస్తున్నట్టు పోతోంది. మోహనకృష్ణ బయటి గోడ నుంచి బయటి గోడకు పోతున్నాడు.

"ఇదేం టీవీయండీ, నేను తిప్పుతున్నాను, తిరగట్లేదు" అన్నాడు.

"నువ్వు పక్కకు జరగరా" అని వెంకటరమణమ్మ గారు కూర్చున్నారు. ఆవిడ కారు కూడా వెళ్ళి బయటి గోడనే పలకరించింది. చుట్టూ జనం చేరారు. పంచె కట్టుకున్న పెద్దాయన పందేలు గెలుస్తూనే ఉన్నాడు. ఆయన ముఖంలో స్కేలు పడిన నాటి నుంచీ కనిపించని వెలుగు వచ్చింది.

అంతలో కన్నబాబుకు బేరం పోతుందేమోనని భయం వేసింది. "అమ్మా, ఉండండుండండి. ఇది లేటుగానే ఉంటాది, నాకు తెలుసు. మొన్నొక కుర్రోడు ఇలాగే గొడవెట్టీసినాడు. బొమ్మ బాగా రావాలని ఇది లోపల్లోపల సింగారించుకుంటాది, అందికే లేటు. దీనికో ఆప్షనుంది" అని రిమోట్ తీసి ఏదో నొక్కాడు. తెర మీద గేమ్ మోడ్ అని వచ్చింది. రంగులు కొద్దిగా వెలిశాయి. "ఇప్పుడు సూడండి. సింగారం మానీసింది. నొక్కితే అయిపోద్ది."

మళ్ళీ పందెం. మోహనకృష్ణ బాణంలా దూసుకుపోయాడు. అచ్యుతరామయ్య గారి కారు మొదటి మలుపులోనే లోపలి గోడకు గుద్దుకుంది. వెనక్కి తీశారు, మళ్ళీ లోపలి గోడే. జనం నవ్వుకుంటూ చెదిరిపోయారు.

ఆయన మీటలు కింద పెట్టి, అక్కడ అమ్మకానికి ఉంచిన సోఫాలో కూర్చుండిపోయారు. తల వంచుకునే అన్నారు, "తేలిపోయిందోయ్ మోహనా. లేటుగా నడిచే టీవీలో గెలిచాను, సరిగ్గా నడిచే దాంట్లో ఓడాను. అంటే నేను కూడా లేటే. దానికీ నాకూ జోడీ కుదిరింది. రేపు షిఫ్టులో మేనేజరుతో చెప్పేస్తాను, క్రేను దిగిపోతానని."

"క్రేను దిగడమేంటండీ?" అన్నాడు మోహనకృష్ణ. అప్పుడు స్కేలు సంగతంతా బయటికి వచ్చింది.

వెంకటరమణమ్మ గారు నడుం మీద చేతులు పెట్టుకుని వింటున్నారు. "ఎవరు లేటు?" అన్నారు.

"నేనే."

"మీరా." ఆవిడ కన్నబాబు వైపు తిరిగారు, ఇక మీదట అతనే న్యాయం చెప్పాలన్నట్టు. "చూడు బాబూ. మా పెళ్ళిలో పురోహితుడు గట్టిమేళం అనకముందే ఈయన తాళి పట్టుకుని లేచి నిలబడ్డారు. సన్నాయి వాళ్ళు టిఫిన్ ప్లేట్లు పడేసి పరిగెత్తుకొచ్చారు. మా అమ్మ అడిగింది, అబ్బాయికి ఏమైనా రైలుందా అని. స్కూటరు బ్రేకు రెండు స్తంభాల ముందే వేస్తారు. పాలు కాగనివ్వరు. ఈయన లేటుట."

"అది వేరే..." అన్నారాయన.

"ఏది వేరు? ఇందాక నా కారు ఏ గోడకు కొట్టుకుంది? బయటి గోడకు. నేను తిప్పింది దానికి ఆలస్యంగా తెలిసింది గనక. లేటుగా తిరిగినవాళ్ళు బయటికే పోతారు. మీ కారు ఎప్పుడైనా బయటికి పోయిందా? ఇంట్లో లోపలి గోడ, ఇక్కడ లోపలి గోడ. మలుపు రాకముందే తిప్పేస్తుంటే ఇంకేమవుతుంది?"

అచ్యుతరామయ్య గారు తన కుడి చేతి వైపు చూసుకున్నారు. తాళ్ళ చివర బాన, కాస్త ఆలోచించుకుని కదిలే బాన, కళ్ళకు కట్టింది. ఇన్నేళ్ళూ దాని కోసం ముందే కదిలి, ముందే ఆగి, చేతికి అదే అలవాటైపోయింది. స్కూటరుకు తాడు లేదు, పాలకు తాడు లేదు. చేతికి ఆ తేడా తెలియలేదు.

"మరి స్కేలు?" అన్నారు నెమ్మదిగా.

"స్కేలు సంగతి నాకు తెలీదు. దానికి మలుపు లేదు కదా, ముందే చూసుకోడానికి."

ఆయన లేచి మళ్ళీ మీటలు పట్టుకున్నారు. గేమ్ మోడ్ అలాగే ఉంది. మలుపు కనిపించింది. చేయి లేవబోయింది. తుమ్ము ఆపుకునేవాడిలా ముఖమంతా బిగించి, చేతిని ఆపారు. ఇంకా ఆపారు. "ఇప్పుడు" అంది పక్కనుంచి భార్య గొంతు. తిప్పారు. కారు మలుపు తిరిగింది. పందెం ఓడిపోయారనుకోండి, కాని ఏ గోడా తగల్లేదు.

"ఈ టీవీయే కట్టించేయవయ్యా" అన్నారు కన్నబాబుతో.

మర్నాడు షిఫ్టు మొదలయ్యే ముందు జగ్గయ్యను పక్కకు పిలిచారు. జగ్గయ్య గంగవరం మనిషి. ఇంట్లో అందరూ సముద్రంలో చేపల వేటకు పోతుంటే తనొక్కడే కంపెనీలో చేరాడు. స్కేలూ, టీవీ, గోడలూ అన్నీ చెప్పి, "నిజం చెప్పు జగ్గయ్యా, నేను లేటుగా దింపుతున్నానా?" అని అడిగారు.

"లేటేటి బాబూ" అన్నాడు జగ్గయ్య బీడీ చెవి మీద దోపుకుంటూ. "నాను ఆపమని సెయ్యెత్తేలోగానే ఆపీసుంటారు. ఇన్నాళ్ళ బట్టి గాల్లో సెయ్యూపుతన్నాను నాను. నా ఉద్యోగం దేనికని మా ఆడది అడుగుతాది, నాకే తెల్దు."

"సరే. కాని స్కేలు పడిన మాట నిజం. ముందే తెలియకుండా ఏదైనా వస్తే చేయి అందుకోలేదు. ఎప్పుడైనా ఒక్కసారి లేటయ్యానని నీకనిపిస్తే, మొహమాటపడకుండా చెప్పు. ఆ రోజే దిగిపోతాను."

జగ్గయ్య తలూపాడు. "అలాగే సెప్తాను. ఒకటే ఇబ్బంది బాబూ. మీరు లేటయిన్నాడు సెప్పడానికి కింద నాను మిగిలుండాల గదా."

అచ్యుతరామయ్య గారు నవ్వారు. మాట పూర్తయ్యాకే నవ్వారు. జగ్గయ్య ఆ సంగతి కనిపెట్టి, "ఇయ్యాల ఏటి బాబూ, ఆగి నవ్వినారు" అన్నాడు.

ఆయుధ పూజ నాడు క్రేనుకు పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ దిష్టి తీసి, కొబ్బరికాయ ఆయనే కొట్టారు. పురోహితుడు మంత్రం ముగించకముందే కొట్టేశారని జగ్గయ్య షాపంతా చెప్పాడు. పదవీ విరమణ రోజు దాకా అదే క్రేను మీద ఉన్నారు. జగ్గయ్య చెప్పాల్సిన మాట ఎప్పుడూ చెప్పలేదు.

ఇంట్లో మాత్రం కొత్త టీవీతో శాంతి లేకుండా పోయింది. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే పందెం వాళ్ళది. వెంకటరమణమ్మ గారు గేమ్ మోడ్ పెట్టి గెలిచేవారు. ఆవిడ కాఫీ కలపడానికి లేవగానే ఆయన దాన్ని తీసేసి, ఏమీ ఎరగనట్టు కూర్చునేవారు. ఆవిడ వచ్చి బయటి గోడకు కొట్టుకుని, "పసుపు మళ్ళీ నిగనిగలాడుతోంది, మీరేదో చేశారు" అని తెర రంగును బట్టి దొంగను పట్టుకునేవారు. మోహనకృష్ణ మధ్యవర్తిగా వచ్చి, ఒక పందెం అలా, ఒక పందెం ఇలా అని తీర్పు చెప్పి, రెండు రకాల్లోనూ ఓడిపోయేవాడు.

ఆయన వెళ్ళిపోవడం కూడా అందరికంటే ముందే వెళ్ళిపోయారు. "ఆ మనిషికి ఎక్కడా ఆగడం రాదు" అన్నారు వెంకటరమణమ్మ గారు, పరామర్శకు వచ్చిన వాళ్ళతో.

ఆ తర్వాత చాలాకాలం గేమ్ పెట్టె మీద గుడ్డ కప్పి ఉంది. ఒక ఆదివారం తమ్ముడు వచ్చినప్పుడు ఆవిడే గుడ్డ తీశారు. రిమోట్ అందుకుని, గేమ్ మోడ్ తీసేశారు. తెర మీద రంగులు నిగనిగలాడాయి.

"అదేంటక్కా, అలా తీసేసి ఆడేది బావగారు కదా" అన్నాడు మోహనకృష్ణ.

"నువ్వు నడుపు" అన్నారావిడ.

మొదటి మలుపులో ఇద్దరి కార్లూ ఒకదాని వెనక ఒకటి వెళ్ళి బయటి గోడకు కొట్టుకున్నాయి. ఆవిడ వెనక్కి తీసి, మలుపు ఇంకా దూరంగా ఉండగానే, స్కూటరు వెనక కూర్చుని లెక్కపెట్టుకున్న రెండు స్తంభాల దూరం గుర్తు చేసుకుని, తిప్పారు. కారు కాస్త ఆలోచించుకుని, తిరిగింది.

"ఇదన్నమాట" అన్నారు వెంకటరమణమ్మ గారు, కళ్ళు తెర మీదనుంచి తీయకుండా. "నడుపు మోహనా, ఆగావేం?"